ఎఫ్ఈ సివిల్ పరీక్షకు బిట్లు ఎలా ప్రాక్టీస్ చేయాలి

"ఎన్ని బిట్లు చేస్తే సరిపోతుంది?" అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవాళ్లు, ఎంఎస్ అయ్యాక ఏదో కన్సల్టింగ్ కంపెనీలో చేరిన మన సివిల్ వాళ్లు, ఎఫ్ఈ మాట వస్తే ముందు అడిగేది ఇదే. ఆ వెంటనే "మంచి బిట్ బ్యాంక్ ఏది?" అంటారు. ఎంసెట్, గేట్ రాసి వచ్చినవాళ్లం కదా, ఎక్కువ బిట్లు కొడితే ఎక్కువ మార్కులు అని మనసులో పడిపోయింది. ఎఫ్ఈకి ఆ లెక్క పనిచేయదు. వెయ్యి బిట్లు చేసి ఫెయిలైనవాళ్లు ఉంటారు. అంతకంటే బాగా తక్కువ చేసి, చేసిన ప్రతి తప్పుకూ కారణం రాసుకుని పాసైనవాళ్లూ ఉంటారు. కాబట్టి ఎన్ని చేయాలన్నది పక్కన పెట్టి, ఒక్కో బిట్‌ను ఎలా చేయాలో చెబుతాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎఫ్ఈ అంటే ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్, అమెరికాలో ఇంజనీర్ లైసెన్స్‌కు మొదటి మెట్టు. ఎన్‌సీఈఈఎస్ అనే సంస్థ నిర్వహిస్తుంది. 2014 నుంచి కంప్యూటర్ మీదే, పియర్సన్ వ్యూ సెంటర్లలో రాయాలి. 110 ప్రశ్నలు, 5 గంటల 20 నిమిషాలు, మధ్యలో 25 నిమిషాల విరామం. తప్పు జవాబుకు నెగెటివ్ మార్కులు లేవు. పాసై, రాష్ట్ర బోర్డు అడిగిన కాగితాలు ఇస్తే ఈఐటీ (ఇంజనీర్ ఇన్ ట్రైనింగ్) అవుతారు. కొన్ని రాష్ట్రాల్లో ఈఐ (ఇంజనీర్ ఇంటర్న్) అంటారు. ఆ తర్వాత అనుభవం, లైసెన్స్ ఇచ్చే పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) పరీక్ష. మన బీటెక్‌ను ఎవరి చేత మదింపు చేయించాలి, పరీక్షకు ముందా తర్వాతా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అది మీ బోర్డు వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, స్నేహితుడి రాష్ట్రం రూలు మీకు పనికిరాదు.

కావాల్సినవి

- ఎఫ్ఈ రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ పీడీఎఫ్. ఎన్‌సీఈఈఎస్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిస్తే ఉచితం. పరీక్షలో స్క్రీన్ మీద కనిపించేది ఇదే, వేరే పుస్తకం ఏదీ లోపలికి రాదు.
- మీ పరీక్ష తేదీకి వర్తించే సివిల్ సిలబస్. అది కూడా అక్కడే ఉంటుంది.
- అనుమతించిన కాలిక్యులేటర్. క్యాసియోలో పేరులో ఎఫ్ఎక్స్-991 లేదా ఎఫ్ఎక్స్-115 ఉన్నవి, టీఐ-30ఎక్స్, టీఐ-36ఎక్స్ రకాలు, హెచ్‌పీ 33ఎస్, 35ఎస్. ఇంటి నుంచి తెచ్చుకున్న 991 ఉంటే కొత్తది కొనక్కర్లేదు. ఎఫ్ఎక్స్-100 మాత్రం కుదరదు, బీటెక్ అంతా దాంతోనే లాగించినవాళ్లు ఈరోజే మార్చండి.
- ఏదైనా ఒక్క ప్రశ్నల పుస్తకం, దానితోపాటు ఎన్‌సీఈఈఎస్ వాళ్ల ప్రాక్టీస్ ఎగ్జామ్. పుస్తకం ఏదన్నది పెద్ద విషయం కాదు. జవాబుకు పూర్తి సాధన ఇచ్చిందా లేదా చూడండి. ఉత్త "సి" అని కీ ఇచ్చే బిట్ బ్యాంకులు వద్దు.
- ఒక నోట్‌బుక్. ఇది తప్పుల పుస్తకం. అన్నిటికంటే ఎక్కువ అరిగిపోవాల్సింది ఇదే.

1. సిలబస్‌లో బరువు ఎక్కడుందో చూడండి

సిలబస్ కాగితంలో ప్రతి సబ్జెక్టు పక్కన ఎన్ని ప్రశ్నలు వస్తాయో రాసి ఉంటుంది. 2020 జులై సిలబస్ ప్రకారం వాటర్ రిసోర్సెస్-ఎన్విరాన్‌మెంటల్, స్ట్రక్చరల్, జియోటెక్నికల్ ఒక్కోటి 10 నుంచి 15. ట్రాన్స్‌పోర్టేషన్ 9 నుంచి 14. మ్యాథ్స్, స్టాటిక్స్, కన్‌స్ట్రక్షన్ ఒక్కోటి 8 నుంచి 12. డైనమిక్స్ 4 నుంచి 6 మాత్రమే.

మనవాళ్లు మామూలుగా చేసే పని ఏమిటంటే, ఇష్టమైన స్ట్రక్చర్స్‌తో మొదలుపెట్టి అక్కడే నెల గడిపేయడం. ఎథిక్స్ 4 నుంచి 6, ఇంజనీరింగ్ ఎకనామిక్స్ 5 నుంచి 8. రెండూ కలిపితే ట్రాన్స్‌పోర్టేషన్ అంత బరువు. చదవడానికి మాత్రం అందులో పావు వంతు సమయం కూడా పట్టదు. ముందు వీటినే ముగించండి.

ఏ సబ్జెక్టు చదవకముందే ఒక్కో దాంట్లో పది ప్రశ్నలు టైమ్ పెట్టుకుని చేయండి. మార్కులు ఘోరంగా వస్తాయి, రానివ్వండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికే ఈ పరీక్ష.

2. హ్యాండ్‌బుక్ తప్ప మరేదీ తెరవద్దు

సొంత ఫార్ములా షీట్ రాసుకోవడం మన కోచింగ్ సెంటర్ల అలవాటు. ఇక్కడ దానివల్ల నష్టమే. పరీక్షలో ఆ షీట్ ఉండదు, పీడీఎఫ్, సెర్చ్ బాక్స్ మాత్రమే ఉంటాయి. మొదటి బిట్ నుంచే స్క్రీన్‌ను రెండుగా చేసి, ఒకవైపు ప్రశ్న, ఒకవైపు హ్యాండ్‌బుక్ పెట్టుకోండి. ప్రింట్ తీయవద్దు. కాగితం తిప్పే వేగం, సెర్చ్ చేసే వేగం ఒకటి కాదు.

సెర్చ్‌లో మన పదాలు కొడితే చాలాసార్లు ఏమీ దొరకదు. మనం చైనేజ్ అన్నదాన్ని వాళ్లు స్టేషన్ అంటారు, రెడ్యూస్డ్ లెవెల్‌ను ఎలివేషన్ అంటారు. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా తప్పుల పుస్తకం చివరి పేజీలో రెండు వరుసలుగా రాసుకోండి, ఎడమవైపు మన పదం, కుడివైపు హ్యాండ్‌బుక్ పదం.

రోజూ పది నిమిషాలు ఈ కసరత్తు చేయండి. ప్రశ్నలు చదవడమే, సాధించక్కర్లేదు. దానికి కావాల్సిన ఫార్ములా లేదా టేబుల్ అరనిమిషంలో తెరవగలిగారా? తెరవలేకపోతే ఏ పదంతో వెతికి ఉండాల్సిందో రాసుకోండి. బస్సులో ఫోన్ మీద కూడా చేయొచ్చు.

ఇంకో హెచ్చరిక. హ్యాండ్‌బుక్‌లో ఫార్ములా ఉంటుందే గానీ ఎప్పుడు వాడాలో ఉండదు. దొరికింది కదా అని అంకెలు వేసేయకుండా కింద ఇచ్చిన గుర్తుల వివరణ, యూనిట్లు చదవడం అలవాటు చేసుకోండి.

3. ఆప్షన్లు మూసేసి లెక్క చేయండి

ఈ మొత్తంలో ఒక్క సలహానే తీసుకుంటానంటే, ఇదే తీసుకోండి. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం.

పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల నీటి లోతు ఉన్న దీర్ఘచతురస్ర కాలువ. మ్యానింగ్ గుణకం 0.013, వాలు 0.001. ప్రవాహం సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు?

ఎ) 166  బి) 183  సి) 246  డి) 364

వైశాల్యం 40. తడి చుట్టుకొలత, అంటే కాలువ అడుగుభాగం, రెండు గోడలు కలిపి 18. హైడ్రాలిక్ రేడియస్ 40/18 అంటే 2.22. అమెరికన్ యూనిట్లు కాబట్టి సూత్రం మొదట్లో వచ్చే అంకె 1.486. వేగం సుమారు 6.16, దాన్ని 40తో హెచ్చిస్తే 246. జవాబు సి.

ఇప్పుడు మిగతావి చూడండి. ఎస్ఐ అలవాటులో 1.486 బదులు 1 వేస్తే 166 వస్తుంది. పైన నీటి మట్టాన్ని కూడా చుట్టుకొలతలో కలిపేసి 28 తీసుకుంటే 183. రేడియస్ బదులు లోతు నాలుగే వేసేస్తే 364. అంటే మీరు తప్పు చేసినా మీ జవాబు అక్కడ సిద్ధంగా ఉంటుంది. "ఆప్షన్లో ఉంది కాబట్టి కరెక్టే" అన్న ధైర్యం పనికిరాదు.

అసలు ప్రమాదం ఇది కూడా కాదు. సూత్రంలో రేడియస్ మీదుండే ఘాతం రెండు బై మూడును బ్రాకెట్ లేకుండా కాలిక్యులేటర్‌లో కొట్టారనుకోండి. అది ముందు వర్గం చేసి, తర్వాత మూడుతో భాగిస్తుంది. జవాబు 238 వస్తుంది. ఆప్షన్లు చూస్తే 238 లేదు, దగ్గరలో 246 ఉంది. "రౌండింగ్ తేడా అయ్యుంటుంది" అని సి పెడతారు. మార్కు వస్తుంది. ప్రాక్టీస్‌లో టిక్ పడుతుంది. ఆ తప్పు మీతోపాటు పరీక్ష హాల్‌కు వస్తుంది, అక్కడ రేడియస్ 2.22 బదులు 6 ఉంటే తేడా ఇంత చిన్నగా ఉండదు.

అందుకే ఆప్షన్ల మీద కాగితం పెట్టి, జవాబును మూడు అంకెల దాకా రాసి, అప్పుడు తీసి చూడండి. రౌండింగ్ వల్ల వచ్చే తేడా సాధారణంగా ఒక శాతం లోపే ఉంటుంది. అంతకు మించితే, ఆప్షన్ కరెక్టయినా సరే, ఆ బిట్‌ను తప్పు కిందే రాసుకోండి.

దీనికి మినహాయింపు ఉంది. థియరీ ప్రశ్నలు, "కింది వాటిలో ఏది" అనే ప్రశ్నలు ఆప్షన్లు చూడకుండా చేయలేం. వాటికి మూసేయక్కర్లేదు.

4. తప్పు ఆప్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి

లెక్క సరిగా వచ్చాక కూడా బిట్ అయిపోలేదు. మిగతా మూడు ఆప్షన్లు పేపర్ పెట్టినవాళ్లు ఏ తప్పును ఊహించి పెట్టారో చూడండి. ప్రతి బిట్‌కూ చేయక్కర్లేదు, రోజుకు ఐదారు చాలు.

ఎకనామిక్స్‌లో ఇది తేలిక. ఐదేళ్ల తర్వాత 10,000 డాలర్లు కావాలి, వడ్డీ ఏడాదికి 8 శాతం, ఇవాళ ఎంత వేయాలి? హ్యాండ్‌బుక్‌లో 8 శాతం టేబుల్, ఐదో వరుస, 0.6806. జవాబు 6,806. ఆప్షన్లలో 14,693 ఉంటే అది టేబుల్‌లో వేరే నిలువు వరుస చదివినవాళ్ల కోసం. 7,143 ఉంటే బారువడ్డీ వేసినవాళ్లకు. 1,705 ఉంటే ఏటేటా కట్టే వాయిదా అనుకున్నవాళ్లకు. ఇవాళ వేసేది 10,000 కంటే తక్కువ ఉండాలని ముందే అనుకుంటే 14,693 లెక్క చేయకుండానే పోతుంది. బాగా తెలియని ప్రశ్నలో ఆప్షన్లు కొట్టేయడానికి ఈ అలవాటే అక్కరకొస్తుంది.

5. తప్పుల పుస్తకం రాయడం

తప్పయిన ప్రతి బిట్‌కూ, "ఏదో ఒకటి పెడదాం" అని పెట్టి కరెక్టయిన బిట్‌కూ ఒక వరుస. తేదీ, సబ్జెక్టు, ఏం చేశాను, ఏం చేసి ఉండాలి, తప్పు రకం. సాధన మొత్తం ఎత్తి రాయకండి, అది చేతికి పని తప్ప తలకు కాదు. రకం మాత్రం కచ్చితంగా వేయండి:

- తెలియదు: ఆ విషయమే రాదు. చదవాలి.
- దొరకలేదు: తెలుసు, హ్యాండ్‌బుక్‌లో పట్టుకోలేకపోయాను.
- ప్రశ్న తప్పు చదివాను: వ్యాసం అడిగితే వ్యాసార్ధం, "కానిది" అంటే "అయినది".
- యూనిట్.
- కాలిక్యులేటర్: బ్రాకెట్, డిగ్రీ-రేడియన్ మోడ్, మైనస్ గుర్తు.
- అక్కడి కోడ్ (డిజైన్ నియమాల పుస్తకం) బదులు మన కోడ్ వేశాను.

"సిల్లీ మిస్టేక్" అనే పేరు ఆ పుస్తకంలో రాయకూడదు. ఆ పేరు పెట్టగానే దాన్ని వదిలేస్తాం. పది సిల్లీ మిస్టేకులు వరుసగా చూస్తే ఏడు ఒకే రకానివని తేలుతుంది, అప్పుడు మందు దొరుకుతుంది. ప్రశ్న తప్పు చదివేవాళ్లు చివరి వాక్యం ముందు చదివి, అడిగినదాన్ని యూనిట్‌తో సహా కాగితం మీద రాశాకే మొదలుపెట్టాలి. కాలిక్యులేటర్ తప్పులైతే మోడ్ చూడటం ప్రతి కూర్చోవడానికీ మొదటి పని.

తప్పయిన బిట్లను వారం తర్వాత, సాధన చూడకుండా మళ్లీ చేయాలి. మర్నాడే చేస్తే జవాబు గుర్తుంటుంది, చేసినట్టు కాదు.

6. మన బీటెక్ నుంచి వచ్చే తప్పులు

అక్కడే పుట్టి పెరిగినవాళ్ల గైడ్లలో ఈ భాగం ఉండదు, అందుకని కాస్త ఎక్కువ రాస్తున్నాను.

యూనిట్లు మొదటిది. ప్రశ్నలు ఎస్ఐలోనూ వస్తాయి, అమెరికన్ యూనిట్లలోనూ వస్తాయి. అడుగుల్లో ఇచ్చినదాన్ని మీటర్లలోకి మార్చి, చేసి, మళ్లీ అడుగుల్లోకి తెచ్చే పద్ధతి మానేయండి. సమయం పోతుంది, మధ్యలో ఎక్కడో జారతారు. వాళ్ల యూనిట్లలోనే ఆలోచించడం రావాలంటే కొన్ని అంకెలు నోటికి రావాలి: ఘనపుటడుగు నీటి బరువు 62.4 పౌండ్లు, ఘనపుటడుగుకు 7.48 గ్యాలన్లు, ఎకరం 43,560 చదరపుటడుగులు, కిప్ అంటే 1,000 పౌండ్లు, గురుత్వ త్వరణం 32.2. ఎకరం అంకె భూముల గోల విన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ముందే తెలిసుంటుంది: సెంటు 435.6 చదరపుటడుగులు, నూరు సెంట్లు ఎకరం. సర్వేయింగ్‌లో స్టేషన్ 12+50 అంటే 1,250 అడుగులు. నీటి శుద్ధి లెక్కల్లో 8.34 కనిపిస్తే కంగారుపడకండి, అది గ్యాలన్ నీటి బరువు పౌండ్లలో.

పౌండ్ ద్రవ్యరాశా, బలమా అన్నది డైనమిక్స్‌లో తికమక పెడుతుంది. బరువు పౌండ్లలో ఇచ్చి త్వరణం అడిగితే 32.2తో భాగించారా లేదా అన్నదొక్కటే చూసుకోండి.

రెండోది కోడ్. మనం కాంక్రీటుకు ఐఎస్ 456 చదివాం, ఇక్కడ కాంక్రీటుకు ఏసీఐ 318, స్టీలుకు ఏఐఎస్‌సీ. డెడ్ లోడ్ అడుగుకు 2 కిప్పులు, లైవ్ లోడ్ 1.5 అయితే మన చేయి తెలియకుండానే రెంటినీ కలిపి 1.5తో హెచ్చించి 5.25 అంటుంది. అక్కడ 1.2 రెట్లు డెడ్, 1.6 రెట్లు లైవ్, మొత్తం 4.8. మనకు కాంక్రీటుకు 1.5, స్టీలుకు 1.15 అని పదార్థాలకు విడివిడిగా భద్రతా గుణకాలు. వాళ్లు లెక్కించిన మొత్తం బలాన్నే ఫై అనే గుణకంతో తగ్గిస్తారు. మన ఎం25 క్యూబ్ బలం, వాళ్లది సిలిండర్ బలం. మట్టి వర్గీకరణలో మనకు లిక్విడ్ లిమిట్ 35 నుంచి 50 మధ్య సీఐ, ఎంఐ అనే మధ్య తరగతి ఉంది. వాళ్ల పద్ధతిలో లేదు, 50 దగ్గర ఒక్కటే గీత.

ఇవన్నీ తెలియక చేసే తప్పులు కావు, బాగా తెలిసి చేసేవి. స్ట్రక్చర్స్‌లో గేట్ ర్యాంకు వచ్చినవాళ్లకే ఎక్కువ పడతాయి. కాబట్టి స్ట్రక్చరల్, జియోటెక్నికల్ బిట్లు చేసేటప్పుడు నోటికొచ్చిన గుణకాన్ని కూడా ఒకసారి హ్యాండ్‌బుక్‌లో చూసే వేయండి.

మూడోది ఎథిక్స్. మనకు సబ్జెక్టుగా పెద్దగా లేదు, "ఇంగితంతో పెట్టేయొచ్చు" అనుకుంటాం. మన ఇంగితం పై ఆఫీసరు మాటను ముందు పెడుతుంది. హ్యాండ్‌బుక్‌లో ఉన్న నియమాల్లో ప్రజల ఆరోగ్యం, భద్రత, సంక్షేమం మొదటిది, ఉద్యోగం ఇచ్చినవాళ్లూ క్లయింటూ తర్వాత. ప్రజలకు ప్రమాదం ఉన్నచోట మీ నిర్ణయాన్ని కాదన్నారంటే యజమానికీ క్లయింట్‌కూ చెప్పాలి, తగిన అధికార సంస్థకూ చెప్పాలి. "రాజీనామా చేయాలి", "ఊరుకోవాలి" లాంటి జవాబులు ఆకర్షణీయంగా ఉంటాయి, సాధారణంగా అవి కావు. ఆ పేజీలు రెండుసార్లు చదివి, ఇరవై బిట్లు చేస్తే ఈ సబ్జెక్టు అయిపోతుంది.

7. సబ్జెక్టులు కలిపేయండి

మ్యానింగ్ సూత్రం అధ్యాయం కింద ఉన్న ఇరవై బిట్లూ మ్యానింగ్ సూత్రంతోనే అవుతాయని శీర్షికే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. సగం సిలబస్ అయ్యాక రోజువారీ సెట్‌ను నాలుగైదు సబ్జెక్టుల నుంచి కలిపి తయారుచేసుకోండి. పుస్తకంలో ప్రశ్నల నంబర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీసినా సరే. మొదట్లో మార్కులు పడిపోతాయి. అవి నిజమైన మార్కులు.

8. టైమ్

320 నిమిషాలు, 110 ప్రశ్నలు. ఒక్కోదానికి మూడు నిమిషాల కంటే కాస్త తక్కువ. అయినా ప్రతి బిట్‌కూ మూడు నిమిషాలు పెట్టుకుని చేయకండి, అలా ఎవరూ రాయరు. మూడు విడతలుగా వెళ్లండి.

మొదటి విడతలో చూడగానే దారి తెలిసినవి మాత్రమే. అర నిమిషంలో దారి కనబడకపోతే, ఏదో ఒక ఆప్షన్ పెట్టేసి, ఫ్లాగ్ చేసి ముందుకు. రెండో విడతలో హ్యాండ్‌బుక్‌లో వెతికితే అయ్యేవి. మూడోదాంట్లో మిగిలినవి. గేట్ రాసినవాళ్లకు తెలియని బిట్ వదిలేయడం ఒంట్లో జీర్ణించుకుపోయి ఉంటుంది, ఎందుకంటే అక్కడ మల్టిపుల్ చాయిస్‌లో తప్పుకు మూడోవంతు కోత. ఇక్కడ కోత లేదు. ఖాళీ వదిలితేనే నష్టం.

జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. పరీక్ష రెండు భాగాలుగా ఉంటుంది, దాదాపు సగం సగం. మొదటి భాగం సబ్మిట్ చేశాక వెనక్కి వెళ్లలేరు, ఫ్లాగ్ చేసినవి కూడా పోయినట్టే. సమయం మాత్రం రెంటికీ కలిపే నడుస్తుంది. మొదటి భాగంలో మూడున్నర గంటలు కూర్చుంటే రెండో భాగానికి రెండు గంటలు కూడా మిగలవు. కాబట్టి మాక్‌లో 2 గంటల 40 నిమిషాల దగ్గర అలారం పెట్టి, మొదటి సగాన్ని అక్కడ మూసేయడం ప్రాక్టీస్ చేయండి.

9. మల్టిపుల్ చాయిస్ కానివి

బిట్ల పరీక్ష అంటున్నా, నాలుగు ఆప్షన్లలో ఒకటి పెట్టేవి కాక ఇంకొన్ని రకాలూ వస్తాయి: సరైనవన్నీ ఎంచుకునేవి, బొమ్మ మీద ఒక చోట క్లిక్ చేసేవి, లాగి వరుసలో పెట్టేవి, ఖాళీలో అంకె నింపేవి. అంకె నింపేదాంట్లో దగ్గరి ఆప్షన్ అనే ఆసరా లేదు. మూడో మెట్టులో చెప్పినట్టు ఆప్షన్లు మూసి చేసినవాళ్లకు ఇవి కొత్తగా అనిపించవు. ప్రశ్నలో ఎన్ని దశాంశాలు అడిగారో మాత్రం చూసుకోండి.

10. పూర్తి మాక్, ఫలితం చూడటం

చివరి నెలలో కనీసం రెండు పూర్తి మాక్‌లు, ఒకే కూర్చోవడంలో. ఫోన్ వేరే గదిలో. పెన్ను, కాగితం బదులు చిన్న వైట్‌బోర్డు, మార్కర్ వాడండి. అక్కడ ఇచ్చేది చెరిపి రాసుకునే బుక్‌లెట్, మార్కరే. మార్కర్‌తో లావుగా రాస్తే జాగా చాలదని ఇంట్లోనే తెలియడం మంచిది. ఎన్‌సీఈఈఎస్ ప్రాక్టీస్ ఎగ్జామ్‌ను తొందరపడి మొదట్లోనే వాడేయకండి, చివరికి దాచుకోండి.

మాక్ అయ్యాక "ఎంత వస్తే పాస్?" అని అడుగుతారు. కటాఫ్ ఎంతో ఎన్‌సీఈఈఎస్ ప్రకటించదు. 50 అనీ 60 అనీ వాట్సాప్‌లో తిరిగేవి వాళ్లవాళ్ల అంచనాలు. పైగా ఒక్కో ప్రశ్నపత్రం కష్టాన్ని బట్టి స్కోరు సర్దుతారు. అందుకని మొత్తం శాతం కంటే ఇవి చూడండి:

- ఇంతకుముందు చూడని ఇరవై ప్రశ్నల మిశ్రమ సెట్ గంటలోపు చేసి, 15 దాకా సరిగా వస్తున్నాయా? ఒకసారి కాదు, వరుసగా మూడు సెట్లలో. ఇది నా కొలత, వాళ్లది కాదు.
- ఆ సరైనవాటిలో గుడ్డిగా పెట్టినవి ఎన్ని? వాటిని తీసేసి లెక్కపెట్టండి.
- తప్పుల పుస్తకంలో చివరి రెండు వారాల్లో "యూనిట్", "కాలిక్యులేటర్" రకాలు తగ్గాయా? "తెలియదు" రకం కొంత మిగిలినా పరవాలేదు, అన్నీ తెలియాల్సిన పరీక్ష కాదిది.
- బరువైన సబ్జెక్టుల్లో ఏదైనా ఒకటి సగం కూడా రాకుండా ఉందా? ఉంటే తేదీ వెనక్కి జరపడం గురించి ఆలోచించండి.

చేయకూడనివి

"నిన్న రాసినవాళ్ల ప్రశ్నలు" అంటూ టెలిగ్రామ్‌లో వచ్చేవాటి జోలికి వెళ్లొద్దు. గేట్ అయిన సాయంత్రమే మెమరీ బేస్డ్ పేపర్లు పంచుకోవడం మనకు మామూలు. ఇక్కడ పరీక్ష మొదలయ్యే ముందే ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పందం మీద క్లిక్ చేస్తారు. దాన్ని దాటితే ఫలితం రద్దు కావచ్చు, లైసెన్స్ బోర్డు దాకా వెళ్లొచ్చు. రాసి వచ్చిన స్నేహితుణ్ణి "ఏమొచ్చాయిరా" అని అడగడం కూడా అతన్ని ఇరకాటంలో పెట్టడమే.

వీడియోలో ఎవరో సాధిస్తుంటే చూసి "ఆ, వచ్చింది" అనుకుని టిక్ పెట్టుకోవద్దు. పాజ్ చేసి, మీరు ముగించాకే నొక్కండి.

రిజిస్ట్రేషన్‌లో పేరు, పరీక్ష రోజు చూపించే పాస్‌పోర్టు లాంటి గుర్తింపు పత్రంలో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లు ఎక్కడో ముందు, ఎక్కడో వెనక, ఎక్కడో ఒక్క అక్షరంగా ఉంటాయి. పరీక్ష ముందు రోజు ఈ టెన్షన్ వద్దు, ప్రాక్టీస్ మొదలుపెట్టిన వారమే సరిచూసుకోండి.

రాకపోతే

ఫలితం సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో మెయిల్‌కు వస్తుంది. పాసైతే మార్కులు చెప్పరు. పోతే సబ్జెక్టువారీగా మీరెక్కడున్నారో చూపే డయాగ్నస్టిక్ రిపోర్టు ఇస్తారు. దాన్ని తప్పుల పుస్తకం పక్కన పెట్టి చూడండి. రిపోర్టులో బలహీనంగా ఉన్న సబ్జెక్టు మీ పుస్తకంలో కూడా నిండుగా ఉంటే, అక్కడ చదువు చాలలేదు. పుస్తకంలో ఆ సబ్జెక్టు ఖాళీగా ఉంటే, దాన్ని ప్రాక్టీసే చేయలేదు, లేదా ఆప్షన్లు చూసి చేశారు. మూడు నెలల విండోకు ఒకసారి, పన్నెండు నెలల్లో మొత్తం మూడుసార్లు రాయనిస్తారు. కొన్ని రాష్ట్రాల నిబంధన ఇంకా గట్టిగా ఉంటుంది. రెండోసారికి కొత్త పుస్తకం కొనేముందు పాత పుస్తకంలో తప్పయినవన్నీ ఆప్షన్లు మూసి ఒకసారి చేయండి. అవన్నీ సరిగా వస్తేనే కొత్తది కొనాలి.